మడ అడవిలో ఏం చూపించాలి?

ప్రశ్న: మాది కాకినాడ జిల్లాలో తీరానికి దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూల్. ఎనిమిదో తరగతి పిల్లల్ని కోరింగ అభయారణ్యానికి తీసుకెళ్తున్నాం. పోయినసారి సెల్ఫీలతోనే సరిపోయింది. ఈసారి నాలుగు విషయాలు నేర్చుకుని రావాలంటే ఏం చేయాలి?
– ఒక జీవశాస్త్రం టీచరు

జవాబు: టీచరు గారూ, ముందు ఆటుపోట్ల వేళలు కనుక్కోండి. బస్సు టైము దాన్నిబట్టే పెట్టుకోవాలి. పోటు మీద వెళ్తే నీళ్లూ ఆకులే కనిపిస్తాయి. ఆటు వేళకి బురద బయటపడుతుంది. చెప్పాల్సిన పాఠమంతా అందులోనే ఉంది. ఈ వేళలు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి కాబట్టి పోయిన వారం వెళ్లొచ్చినవాళ్ల టైము మీకు పనికిరాదు.

చెక్క వంతెన మొత్తం నడిపించాలని చూడకండి. రెండు చోట్ల ఆగండి చాలు. తెల్ల మడ చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా పొడుచుకొచ్చిన వేర్లు చూపించి, "వేరు కిందికి కదా పోవాలి, ఇవెందుకు పైకొచ్చాయి?" అని అడిగి ఊరుకోండి. జవాబు చెప్పేయాలని మన టీచర్లకు మహా ఆత్రం. కాసేపు ఓపిక పడితే, బురదలో గాలి ఆడదన్న సంగతి ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఆకు కోయకుండానే భూతద్దంతో చూడమనండి. ఎండ కాసిన రోజైతే ఉప్పు రవ్వలు కనిపిస్తాయి. ఆ చెట్టు ఉప్పును ఆకుల్లోంచి బయటికి తోసేస్తుంది. ఉప్పు పొన్న చెట్టు దగ్గర మాత్రం కాయల్నే చూపించండి. గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది.

తిల్ల చెట్టు పాలు ఒంటికి తగిలితే బొబ్బలు వస్తాయి, కంట్లో పడితే చూపుకే ముప్పు. ఆకు తుంచొద్దని బస్సు దిగకముందే గట్టిగా చెప్పండి. బావురు పిల్లిని (చేపలు పట్టి తినే అడవి పిల్లి) చూపిస్తామని ఆశ పెట్టకండి, అది ఎక్కువగా రాత్రిపూట తిరిగే జంతువు.

మీ క్లాసులో మత్స్యకారుల పిల్లలు ఉండే ఉంటారు. వాళ్లను ముందు నడవనివ్వండి. ఏ పీత ఏ బొరియలో ఉంటుందో, రొయ్య పిల్లలు ఎక్కడ పెరుగుతాయో వాళ్లకు ఇంట్లోనే తెలుసు. పరీక్షల్లో వెనకబడ్డ పిల్లవాడు అక్కడ మిగతావాళ్లకు పాఠం చెప్పడం నేను చూశాను. ఆ రోజు నోట్సు వాళ్ల మాటల్లోనే రాయించండి. అటవీశాఖ వారికి ముందుగా ఉత్తరం రాసి, వెంట నడిచి వివరించే మనిషి కావాలని అడగండి.