మహమ్మారి రోజుల్లో నడిచేవాళ్ళకు రోడ్డు మీద చోటు ఎలా చూపించాలి?

మళ్ళీ కోవిడ్ లాంటిదొస్తే ఇరుకు బజార్లలో జనం ఆరడుగుల దూరం పాటించాలంటే ఏం చేయాలి, రౌండ్లు గీస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. బండ్లను ఆపాలి. మిగతాదంతా ముగ్గుపిండి దండగ.

మాది సికింద్రాబాద్ వైపు ఒక కూరగాయల వీధిలో మెడికల్ షాపు. లాక్‌డౌన్‌లో అందరూ షట్టర్లు దించుకున్నా మేం తెరిచే ఉంచాం. కౌంటర్ ముందు తాడు కట్టుకుని, డోలో స్ట్రిప్పులూ ఆక్సీమీటర్లూ అందిస్తూ వీధి ఎలా నిండుతుందో రోజూ చూశాను కాబట్టి చెబుతున్నా.

2021 మే 12న తెలంగాణలో రెండోసారి లాక్‌డౌన్ పెట్టినప్పుడు సడలింపు పొద్దున 6 నుంచి 10 దాకా మాత్రమే. రోజంతా మెల్లగా వచ్చిపోయే జనాన్ని నాలుగు గంటల్లోకి కుక్కారు. పైగా టైం అయిపోతుందేమోనన్న కంగారులో పక్క గల్లీ వాళ్ళు కూడా స్కూటరేసుకుని దిగేవారు. ఎనిమిదయ్యేసరికి రోడ్డుకు రెండు పక్కలా బైకులు, మధ్యలో హారన్ కొడుతూ కార్లు, ఆ సందులో సంచులు పట్టుకుని మనుషులు. ముందటేడు తెల్ల పెయింటుతో గీసిన రౌండ్లలో మనుషులకు బదులు యాక్టివాలు నిలబడేవి. ఒక రౌండైతే సరిగ్గా మ్యాన్‌హోల్ మీద పడింది, దాని మూత సగం విరిగి ఉంది. గీసినవాళ్ళు కిందికి చూసి గీశారో లేదో.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఉల్లిగడ్డల లోడుతో వచ్చిన డీసీఎం వ్యాను వీధి మొదట్లో మలుపు తిరుగుతూ క్లచ్ పోయి అడ్డంగా ఆగిపోయింది. లాక్‌డౌన్‌లో మెకానిక్ అంత తేలిగ్గా దొరుకుతాడా! రెండో చివర ముందే పోలీసు బ్యారికేడ్లు ఉన్నాయి. దాంతో లోపలికి ఒక్క బండీ రాలేదు. జనం స్కూటర్లు మెయిన్ రోడ్డు మీదే వదిలేసి, తిట్టుకుంటూ నడిచొచ్చారు. కాసేపటికి టమాటాల ఆమె తన తోపుడుబండిని మోరీ పక్కనుంచి లాగి రోడ్డు నడిమధ్యకు తెచ్చుకుంది. ఆకుకూరల ఆమె గోనెపట్టా ఎత్తుకుని అవతలి పక్కకు మారింది. ఒక్కో బేరానికీ మధ్య మంచం వాల్చుకునేంత జాగా. ఎవరూ చెప్పకుండానే జనం ఎడంగా నిలబడ్డారు. రోజూ మైకులో "దూరం, దూరం" అని గొంతు చించుకునే హోంగార్డు ఆ పూట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. టమాటాల ఆమె మాస్కు గదవ కిందికి లాగి, "ఇయ్యాల జర గాలాడుతున్నది అన్నా" అంది.

పదికి కాస్త ముందు మెకానిక్ వచ్చాడు, డీసీఎం కదిలింది, మర్నాటికి మళ్ళీ హారన్లే. మా దగ్గర డ్యూటీలో ఉన్న ఎస్సై గారితో అన్నాను, "సార్, ఆ డీసీఎం ఉన్నచోట రెండు బ్యారికేడ్లు పెట్టించండి, చాలు" అని. ఆయన నవ్వి, "మరి పబ్లిక్ బండ్లు ఎక్కడ పెట్టుకుంటరు సార్, నా నెత్తి మీదనా?" అన్నారు. పక్క వీధిలో స్కూలు గ్రౌండు ఏడాదిగా ఖాళీగా పడి ఉంది. ఆ ముక్క కూడా చెప్పాను. పైవాళ్ళను అడగాలన్నారు.

ఒక్క పూట చూసి ఇంత మాట్లాడతావా అనొచ్చు. లెక్క కూడా చూడండి. రోడ్ల కొలతలకు ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నిబంధనల ప్రకారం ఫుట్‌పాత్ మీద నడవడానికి అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. అంటే ఆరడుగులు. మనుషుల మధ్య ఉండాలన్న దూరమూ అంతే! నిబంధన తు.చ. తప్పకుండా కట్టిన ఫుట్‌పాత్ మీద కూడా ఎదురెదురుగా ఇద్దరొస్తే ఒకరు రోడ్డు మీదికి దిగాల్సిందే. అయినా అంత వెడల్పు ఫుట్‌పాత్ మా వైపు ఎక్కడుంది? ఉన్న కాస్తలో ట్రాన్స్‌ఫార్మరు, షాపు మెట్లు, బోర్డు, దాని పక్కన బుల్లెట్టు. అదే ఒక కారు ఆగే చోటు తీసుకోండి. సుమారు అయిదు మీటర్ల పొడవు, ఆరడుగుల ఎడంతో ముగ్గురు నిలబడొచ్చు.

జాగా చూపించడం మనవాళ్ళకు చేతకాదని కాదు. 2020 మే 6న వైన్ షాపులు తెరిచినప్పుడు కర్రలు కట్టి, రౌండ్లు గీసి, పోలీసుల్ని కాపలా పెట్టి ఎంత ముద్దుగా లైన్లు వేయించారు! ఎండకు తాళలేక జనం రౌండ్లలో చెప్పులు వదిలి నీడన కూర్చుంటే ఆ చెప్పులకు కూడా మర్యాద దక్కింది. కూరగాయలకొచ్చిన ముసలమ్మకు ఆ భాగ్యం లేదు.

ఇది నా సొంత తెలివి కూడా కాదు. 2020 ఏప్రిల్‌లోనే ఇటలీలో మిలాన్ నగరం 35 కిలోమీటర్ల మేర వీధుల్లో కార్ల చోటు తగ్గించి నడకకూ సైకిళ్ళకూ ఇస్తామని ప్రకటించింది. అదే ఏడాది జూన్‌లో మన కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ పది లక్షల జనాభా దాటిన నగరాల్లో కనీసం మూడేసి మార్కెట్లను నడిచేవాళ్ళకే వదలమని రాష్ట్రాలకు సలహా ఇచ్చింది. మా వీధిదాకా ఆ కాగితం రాలేదు. 2021 ఆగస్టు చివర్లో మాత్రం ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద బండ్లు ఆపేశారు. ఐస్‌క్రీం తినడానికి రోడ్డు మూయొచ్చు గానీ వంకాయలు కొనడానికి మూయకూడదన్నమాట.

కాబట్టి చేయాల్సింది ఇదీ: వీధి రెండు చివర్లా బ్యారికేడ్లు, అంబులెన్సుకు తీయడానికి ఒక మనిషి, బండ్లకు దగ్గర్లోని గ్రౌండు, సరుకు లారీలు తెల్లారకముందే వచ్చి వెళ్ళిపోవాలి. తోపుడుబండ్లను మోరీ పక్కన కాక రోడ్డు మధ్యలో, ఎడమెడంగా నిలపాలి. అన్నిటికన్నా ముందు గంటలు తగ్గించకూడదు, పెంచాలి. పెద్దవాళ్ళు మెయిన్ రోడ్డు నుంచి నడవలేరని కొందరంటారు. మా షాపుకొచ్చే పెద్దవాళ్ళు రోజూ నడిచే వస్తారు. నడవలేమనేది వాళ్ళను బైకు మీద దింపే కొడుకులే.