టెక్ సందేహాలు: స్కానర్ చెప్పిందని కాయిళ్లు కొనేయకండి

ఈ వారం ఫోన్లకు సెలవు. ఇంట్లో వయసు మళ్లిన స్పోర్టీ కారు, చేతిలో చవక బ్లూటూత్ స్కానర్ (కారు పోర్టులో గుచ్చితే ఇంజిన్ లోపాల కోడ్‌లు ఫోన్‌లో చూపించేది) ఉన్నవాళ్ల ప్రశ్నలు చాలా పోగయ్యాయి. కొన్నింటికి ఇక్కడ జవాబులు.

నాది 2006 స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ మిస్ కొడుతోంది, చెక్ ఇంజిన్ లైటు టపటపా వెలిగి ఆరుతోంది. స్కానర్‌లో పి0302 వచ్చింది. నాలుగు కాయిళ్లూ (ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే కరెంటు ఇచ్చేవి) మార్చాలని, తగ్గకపోతే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) చూడాలని షెడ్డులో అంటున్నారు. నిజమేనా? (కూకట్‌పల్లి)

ఈసీయూ మాట ఇప్పుడే వద్దు. రెండో సిలిండర్‌లో మంట సరిగ్గా అంటుకోవడం లేదన్నంత వరకే పి0302 చెబుతుంది. ఎందుకు అంటుకోవడం లేదో చెప్పదు. కడుపు నొప్పి అని చెప్పినంత మాత్రాన ఆపరేషన్ చేసేయం కదా, ఇదీ అంతే.

అయితే లైటు వెలిగి ఆరుతూ ఉంటే మాత్రం బండిని తరమకండి. కాలని పెట్రోలు సైలెన్సర్ పైపులోకి వెళ్లి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది. కాయిల్ ఖర్చు దాని ముందు చిల్లర.

మీ 1.8 టర్బో ఇంజిన్‌లో ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ కూర్చుంటుంది. ఈ ఇంజిన్ కాయిళ్లకు ప్రపంచమంతటా చెడ్డపేరుంది కాబట్టి మీ మెకానిక్ అనుమానం తప్పు కాదు. కానీ పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. ఇంజిన్ బాగా చల్లారాక రెండో కాయిల్‌ను మూడో దాని చోట, మూడో దాన్ని రెండో చోట పెట్టండి. టైమింగ్ బెల్ట్ వైపున్నది ఒకటో సిలిండర్. కనెక్టర్ల ప్లాస్టిక్ ఇన్నేళ్ల వేడికి అప్పడంలా అయిపోయి ఉంటుంది, గుంజితే విరుగుతుంది. లాక్‌ను నొక్కి నెమ్మదిగా తీయండి. తర్వాత కోడ్ చెరిపేసి, మళ్లీ మిస్ కొట్టేదాకా నడపండి. ఈసారి పి0303 వస్తే దోషం కాయిల్‌దే. ఆ ఒక్కటే కొనండి, లేదా డిక్కీలో ఉంచుకోవడానికి ఇంకోటి కలిపి కొనండి. మళ్లీ పి0302 వస్తే రెండు, నాలుగు సిలిండర్ల ప్లగ్గులు ఇలాగే అటూ ఇటూ మార్చి చూడండి. అప్పటికీ కోడ్ కదలకపోతే ఇంజెక్టరో (పెట్రోలు చిమ్మేది), కంప్రెషనో (సిలిండర్ లోపలి ఒత్తిడి) చూడాలి, అది షెడ్డు పనే.

కాయిల్ తీసినప్పుడు కింద గుంతలో ఆయిల్ కనిపిస్తే కాయిల్‌ను తిట్టకండి. పైన వాల్వ్ కవర్ గాస్కెట్ కారుతోంది. దాన్ని మార్చకుండా కొత్త కాయిల్ పెడితే అదీ నానుతుంది.

నా అనుభవం ఒకటి. నా పాత టర్బో బండికి పి0171 వచ్చింది, అంటే ఇంజిన్‌కు గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అవుతోందని. కనిపెట్టింది ఆక్సిజన్ సెన్సార్ కదా అని ఆ సెన్సార్‌నే మార్చేశాను. నాలుగో రోజుకు లైటు మళ్లీ వచ్చింది. అసలు దోషి ఇంజిన్ వెనక పగిలిన రబ్బరు పైపు ముక్క. నిజం చెప్పిన సాక్షికి శిక్ష వేశానన్నమాట! ఇప్పుడు ముందు యాప్‌లో 'ఫ్యూయల్ ట్రిమ్' అంకెలు చూస్తాను. ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచుతోందో (ప్లస్), ఎంత తగ్గిస్తోందో (మైనస్) అవి చెబుతాయి. ఐడిల్‌లో బాగా ప్లస్‌లో ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర దాదాపు సున్నాకు దిగితే ఎక్కడో గాలి లీకు ఉన్నట్టే. ఐడిల్‌లో బాగానే ఉండి, లోడ్ పెరిగే కొద్దీ ప్లస్ పెరిగితే పెట్రోలు పంపునో, ఫిల్టర్‌నో, గాలిని కొలిచే సెన్సార్‌నో అనుమానించాలి.

2014 పోలో జీటీ టీఎస్‌ఐ, వారాంతాల్లోనే తీస్తాను. కొత్త బ్యాటరీ వేసి రెండు నెలలే అయింది, శనివారానికి సెల్ఫ్ తీసుకోవడం లేదు. (విజయవాడ)

మీ ఉత్తరం చివర్లో డ్యాష్‌క్యామ్, 'ఎప్పుడూ పెట్టే ఉంచే' ఓబీడీ స్కానర్ (ఓబీడీ అంటే కారు తన లోపాలను తానే కనిపెట్టే ఏర్పాటు) గురించి రాశారు. అనుమానం అక్కడే మొదలుపెడదాం. ఓబీడీ పోర్టులో 16వ పిన్నుకు తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. పార్కింగ్ మోడ్‌లో డ్యాష్‌క్యామ్ కూడా రాత్రంతా తాగుతూనే ఉంటుంది. రెండూ కలిసి 300 మిల్లీయాంపులు లాగుతాయనుకోండి, రోజుకు 7.2 యాంపియర్ అవర్లు. 60 యాంపియర్ అవర్ల బ్యాటరీలో ఐదు రోజులకు 36 పోయాయి, ఇక సెల్ఫ్ ఏం తిరుగుతుంది?

రెండూ పీకేసి ఒక వారం చూడండి. అప్పటికీ ఇదే తంతైతే మల్టీమీటర్ తీయాలి. బ్యాటరీ నెగటివ్ క్లాంప్ విప్పి, క్లాంపుకు, బ్యాటరీకి మధ్య మీటరు పెట్టండి. ఎర్ర వైరు 10 యాంప్స్ సాకెట్‌లో ఉండాలి. బానెట్ లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కితే బానెట్ మూసే ఉందని బండి అనుకుంటుంది. అరగంట ఆగండి. కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది, చాలామంది ఇక్కడే తొందరపడి లేని లీకు కనిపెడతారు. 50 మిల్లీయాంపుల లోపు ఉంటే పర్వాలేదు. మీటరు పెట్టి ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకండి, లోపలి ఫ్యూజు పోతుంది.

కరెంటు ఎక్కువుంటే, ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోతే నిద్రపోయినవి మళ్లీ లేస్తాయి. పీకకుండానే, ఒక్కో ఫ్యూజు నెత్తిన ఉండే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలవండి. సున్నా కాకపోతే ఆ లైన్లో కరెంటు పారుతోంది.

నాది 1995 మజ్దా మియాటా. కొత్త స్కానర్ కొన్నాను, పోర్టు ఎక్కడా దొరకడం లేదు. మావాడు వెనక కార్పెట్ తడిగా ఉందని కూడా అంటున్నాడు. (డాలస్)

ఉండదు, వెతక్కండి. అమెరికాలో ఓబీడీ2 తప్పనిసరైంది 1996 మోడల్ నుంచి. మీ బండికి అంతకన్నా ముద్దొచ్చే పద్ధతి ఉంది. హుడ్ కింద డ్రైవర్ వైపు, మూత మీద 'డయాగ్నోసిస్' అని రాసిన చిన్న నల్ల డబ్బా ఉంటుంది. అందులో టీఈఎన్, జీఎన్‌డీ అనే రెండు పిన్నులను చిన్న వైరు ముక్కతో కలిపి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేయండి. చెక్ ఇంజిన్ లైటు మోర్స్ కోడ్‌లా మెరుస్తుంది. పొడుగు మెరుపులు పదులు, పొట్టివి ఒకట్లు. ఒక పొడుగు, ఐదు పొట్టివి అంటే 15, ఆక్సిజన్ సెన్సార్. (సాక్షి కథ గుర్తుంది కదా!) మూత లోపలి బొమ్మ చూసి, ఆ రెండు పిన్నులు తప్ప ఇంకేవీ కలపకండి.

కార్పెట్ తడి సంగతి కోడ్‌ల కన్నా ముఖ్యం. మడత టాప్ మీద పడ్డ వాన సీట్ల వెనక రెండు వైపులా ఉన్న గొట్టాల్లోంచి కిందికి పోవాలి. ఆకులు, మట్టి అడ్డం పడితే నీళ్లు లోపలికి పొర్లుతాయి, బాడీ అంచులు లోపల్నుంచి తుప్పు పడతాయి. గడ్డి కోసే మెషీన్‌లో వాడే నైలాన్ దారం నెమ్మదిగా దించి ఆడించండి. కంప్రెసర్ గాలి కొట్టొద్దు, గొట్టం ఊడితే ఇంకో పని. అన్నట్టు, మీ బ్యాటరీ ట్రంకులో ఉంటుంది. మార్చాల్సి వస్తే గ్యాస్ బయటికి పోయే గొట్టం తగిలించగలిగే రకమే కొనండి.

పోలో డీఎస్‌జీ (ఆటోమేటిక్) గేరు మొదటి నుంచి రెండుకు పడేటప్పుడు వణుకుతోంది, ఇంట్లో విప్పొచ్చా? (వరంగల్)

వద్దు. మామూలు ఓబీడీ యాప్‌లు ఆ గేరుబాక్సు కోడ్‌లను చదవలేవు. ఫోక్స్‌వ్యాగన్ బండ్లను లోతుగా చదివే వీసీడీఎస్ గానీ ఓబీడీలెవెన్ గానీ ఉన్నవాళ్ల చేత చదివించి, వచ్చిన కోడ్‌లు కాగితం మీద రాసుకోండి. ఆ కాగితంతో షెడ్డుకు వెళ్లండి.

ఐఫోన్‌కు బ్లూటూత్ స్కానర్ కనెక్ట్ కావడం లేదు. (నెల్లూరు)

ఈఎల్‌ఎం327 అనే చిప్ పేరుతో అమ్మే చవక స్కానర్లలో చాలావాటిలో ఉండేది పాతరకం బ్లూటూత్, అవి ఆండ్రాయిడ్‌కే పనికొస్తాయి. వైఫై రకం, లేదంటే 'బ్లూటూత్ లో ఎనర్జీ' అని పెట్టె మీద రాసినది తీసుకోండి. ఉన్నదాన్ని పారేయకండి, ఇంట్లో పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఏదో ఒకటి ఉండే ఉంటుంది.