పొడి కలపడం దగ్గరే అసలు కథ

అమ్మా,

మెటల్ మ్యాట్రిక్స్ కాంపోజిట్ల మీద, అంటే లోహంలో గట్టి రేణువులో నారలో కలిపి చేసే పదార్థాల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది, పడిన కష్టం కనిపిస్తోంది. కానీ మొదటి పేరా నుంచి చివరిదాకా తేలిక, బలం, భవిష్యత్తు అన్న మూడు మాటలే తిరుగుతున్నాయి. అల్యూమినియంలో సిలికాన్ కార్బైడ్ అనే గట్టి సిరామిక్ పొడి కలిపితే బలం పెరుగుతుందని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఆ కలపడం ఎంత కష్టమో పాఠకుడికి చూపించాలి.

మీ కాలేజీలో స్టిర్ కాస్టింగ్ ఫర్నేస్ ఉందన్నావుగా, ఒక పూట అక్కడ నిలబడు. సుమారు 750 డిగ్రీల దగ్గర కరిగిన అల్యూమినియాన్ని స్టిర్రర్ గిరగిరా తిప్పుతుంటే పైనుంచి పొడి వేస్తారు. అది ఓ పట్టాన లోపలికి పోదు. ద్రవలోహం ఆ రేణువుల్ని తడపదు, తామరాకు మీద నీటిబొట్టులా విడిగానే ఉండిపోతుంది. అందుకే కాస్త మెగ్నీషియం వేస్తారు, పొడిని ముందే వేడి చేస్తారు. తీరా కలిసిందనుకుంటే ఇంకో తంటా. వేడి ఎక్కువైనా, ఎక్కువసేపు ఉంచినా రెండూ చర్య జరిపి అల్యూమినియం కార్బైడ్ తయారవుతుంది. అది పెళుసు, తేమ తగిలితే పాడైపోతుంది కూడా. సిలికాన్ ఎక్కువున్న అల్యూమినియం మిశ్రమలోహం వాడితే ఈ చర్య తగ్గుతుంది. రేణువు, లోహం కలిసే ఆ సన్నటి సరిహద్దు ఎలా ఉందన్న దాని మీదే పదార్థం మంచిచెడ్డలు చాలావరకు ఆధారపడతాయి. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే కావాలి.

బలం పెరిగిందని ఎవరు చెప్పినా, సాగే గుణం ఎంత తగ్గిందని వెంటనే అడుగు. ఆ రెండో అంకె లేకుండా మొదటిది అచ్చులోకి పోకూడదు.

ఈ పదార్థం బలం కోసం కాక వేరే గుణం కోసం నెగ్గిన చోటు ఒకటి చెబుతాను. ఎలక్ట్రిక్ రైళ్లలో కరెంటును అదుపు చేసే పవర్ మాడ్యూళ్లకి అడుగుపలక ఉంటుంది, సిలికాన్ చిప్‌లు దాని పైనే కూర్చుంటాయి. వేడెక్కినప్పుడు సిలికాన్ చిప్ చాలా కొద్దిగా వ్యాకోచిస్తుంది, అల్యూమినియం దానికి ఎన్నో రెట్లు వ్యాకోచిస్తుంది. వేడెక్కడం, చల్లారడం వేలసార్లు జరిగేసరికి మధ్యలో ఉన్న టంకం అతుకులు పగులుతాయి. సిలికాన్ కార్బైడ్ దాదాపు మూడింట రెండు వంతులు ఉన్న అల్యూమినియం పలక వ్యాకోచం బాగా తక్కువ, పైగా వేడిని బాగా లాగేస్తుంది. ఇలాంటి ఉదాహరణ ఒకటి పట్టుకుంటే పాఠకుడు నీతో చివరిదాకా వస్తాడు. 1983లో టొయోటా డీజిల్ పిస్టన్ కూడా అలాంటిదే. మొత్తం పిస్టన్‌ని కాదు, పిస్టన్ రింగు కూర్చునే గాడి దగ్గర మాత్రమే సిరామిక్ ఫైబర్‌తో గట్టిపరిచారు. అవసరమైన చోటే ఖర్చు పెట్టారన్నమాట.

కొత్త సంగతుల్లో గ్రాఫీన్, కార్బన్ నానోట్యూబుల గురించి, అంటే కార్బన్‌తో అయిన అతి పలుచని పొరలు, అతి సన్నటి గొట్టాల గురించి ఉత్సాహంగా రాశావు. అవి ఉండలు కడతాయని ఎందుకు రాయలేదు? రేణువు ఎంత చిన్నదైతే ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకుంటాయి. అల్ట్రాసౌండ్‌తో విడదీయడం, ఫ్రిక్షన్ స్టిర్‌తో, అంటే తిరిగే పనిముట్టు రాపిడితో లోహాన్ని కరిగించకుండానే మెత్తబరిచి కలపడం అన్నీ దీని కోసమే. 2017లో కాలిఫోర్నియాలోని హెచ్‌ఆర్‌ఎల్ ప్రయోగశాల వాళ్లు 7075 అనే బలమైన అల్యూమినియం మిశ్రమలోహపు పొడికి జిర్కోనియం నానో రేణువులు అద్ది, పగుళ్లు లేకుండా త్రీడీ ప్రింట్ చేశారు. అక్కడ ఆ రేణువులు బలం కోసం చేర్చినవి కావు. సన్నటి స్ఫటికాలు మొలకెత్తడానికి సాయపడ్డాయి. కాంపోజిట్‌కి దగ్గరి చుట్టం అనొచ్చు గానీ కాంపోజిటే అని రాయకు.

ఇక ధర. లేత్ దగ్గర పనిచేసే ఆయన్ని కలువు. మామూలు టంగ్‌స్టన్ కార్బైడ్ టూల్ ఈ కాంపోజిట్ మీద ఎంత తొందరగా అరిగిపోతుందో ఆయనకి తెలుస్తుంది. వజ్రపు టూల్ కావాలంటే వర్క్‌షాప్ బిల్లు ఎంతవుతుందో కూడా ఆయన్నే అడుగు. నీ వ్యాసంలో ఈ ఊసే లేదు.

రెండో ప్రతిలో ఫర్నేస్ పేరా ముందు పెట్టు. మైక్రోస్కోప్ కింద తీసిన ఫొటో ఒకటి జతచెయ్, రేణువులు ఎక్కడ గుంపు కట్టాయో బాణం గుర్తుతో చూపించు. ఉగాదిలోపు పంపితే ఆ వారమే చదివి రాస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు