కార్బన్ తెడ్డు అని చెప్పి అల్యూమినియంది పంపారు, కడపలోనే కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది జమ్మలమడుగు. చేపలు పట్టడానికని 34 అంగుళాల వెడల్పున్న కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) కొన్నాను. దానికి తెడ్డు ఆన్‌లైన్‌లో 11,800 రూపాయలు పెట్టి తెప్పించాను. ఆ పేజీలో ‘ఫుల్ కార్బన్ షాఫ్ట్, ఏ ఫిషింగ్ కయాక్‌కైనా సరిపోతుంది’ అని రాశారు. కొలతల పట్టికలో నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలకు 220 సెంటీమీటర్లని చూపిస్తే అదే ఆర్డర్ చేశాను. తీరా వాడితే, నీళ్లు అందడానికి ప్రతిసారీ పక్కకు ఒరగాల్సి వస్తోంది, పిడికిళ్లు పడవ అంచుకు తగులుతున్నాయి. మూడోసారి మైలవరం రిజర్వాయర్‌లో ఉండగా తెడ్డు మధ్య జాయింట్ వదులైంది. గాలికి కొట్టుకుపోతుంటే పుట్టిలో వెళ్తున్న జాలర్లు ఒడ్డుకు చేర్చారు. ఇంటికొచ్చి చూస్తే జాయింట్ దగ్గర నల్లరంగు లేచిపోయి లోపల తెల్లగా మెరుస్తోంది. అమ్మినవాళ్లేమో ‘7 రోజులు దాటాయి, వాడిన సరుకు వాపసు తీసుకోం, ఏ గొడవైనా ఢిల్లీ కోర్టులోనే’ అంటున్నారు. పట్టిన చేపలు అప్పుడప్పుడు అమ్ముతుంటానని చాట్‌లో నోరుజారితే, అసలు నువ్వు వినియోగదారుడివే కాదు పొమ్మన్నారు. నా డబ్బుతోపాటు లక్ష రూపాయల పరిహారం వస్తుందా?

జవాబు: మా ఇంట్లో తెడ్డు అంటే సంగటి కెలికేదే. మీ ఉత్తరం చదివాక కయాక్ నడిపే అలవాటున్న ఒకాయన్ని కూర్చోబెట్టి ఈ తెడ్ల సంగతి అడిగి తెలుసుకున్నాను. మీ కేసులో బలమెక్కడుందో, బలహీనత ఎక్కడుందో అప్పుడుగానీ నాకు అర్థం కాలేదు.

ముందు బలహీనత చెప్తాను. తెడ్డు పొడవును తేల్చేది మనిషి ఎత్తు ఒక్కటే కాదు. పడవ వెడల్పు, సీటు ఎత్తు ఇంకా ముఖ్యం. 23, 24 అంగుళాల సన్నని కయాక్‌కు 210 నుంచి 220 సెంటీమీటర్లది చాలు. మీలాంటి 34 అంగుళాల వెడల్పాటి ఫిషింగ్ కయాక్‌లో, అందులోనూ ఎత్తు సీటులో కూర్చునేవాళ్లు 240 నుంచి 260 మధ్య తీసుకుంటారు. మీరు 220 అడిగారు, వాళ్లు 220 పంపారు. ‘అడిగిందే ఇచ్చాం’ అని వాళ్ల వకీలు ఒక్క మాట అంటే ఆ ఫిర్యాదు చల్లబడుతుంది. పట్టిక తప్పుదోవ పట్టించింది కదా అంటారా, నిజమే. పడవ వెడల్పు అడగకుండా ‘ఏ కయాక్‌కైనా సరిపోతుంది’ అని రాయడం తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుందని వాదించవచ్చు. కానీ దాన్ని రెండో వాదనగానే ఉంచండి. మొదటి పేరాలోనే పొడవు గురించి ఏకరువు పెడితే, తనకు కావలసిన కొలత తెలియక కొన్న మనిషిలా కనిపిస్తారు.

మీ బలమంతా ఆ రంగు లేచిన చోట ఉంది. కార్బన్ ఫైబర్ లోపల కూడా నల్లగానే ఉంటుంది. గీరుకుపోతే వెండిలా మెరిసేది లోహం, ఈ సరుకుల్లో మామూలుగా అల్యూమినియం. ఈ తేడా చిన్నదేమీ కాదు. తెడ్డు ధరలో పెద్ద భాగం ఆ షాఫ్ట్, అంటే చేత్తో పట్టుకునే గొట్టం, దేంతో చేశారన్నదాన్నిబట్టే ఉంటుంది. కార్బన్‌ది తేలిక. పొద్దస్తమానం వేల సార్లు ఎత్తి దించే వస్తువులో రెండు మూడు వందల గ్రాముల తేడా భుజాలకు తెలుస్తుంది. పైగా మన కడప ఎండలో పడవ మీద పెట్టిన అల్యూమినియం గొట్టాన్ని పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. కార్బన్ డబ్బు తీసుకుని రంగేసిన అల్యూమినియం పంపడమంటే చెప్పిన సరుకు వేరు, ఇచ్చిన సరుకు వేరు. దీనికి చట్టంలో రెండు ఆధారాలున్నాయి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు ఇంకా సూటిగా చెప్తాయి: ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. వాళ్ల 7 రోజుల షరతు మనసు మారి తిప్పి పంపేవాళ్లకు సరిపోవచ్చు. వేరే సరుకు అంటగట్టినవాళ్లకు అది అడ్డుగోడ కాదు. ‘వాడిన సరుకు’ అన్నదీ అంతే. రంగు కింద ఏముందో వాడకముందు మీకెలా తెలుస్తుంది?

ఢిల్లీ బెదిరింపును పట్టించుకోకండి. ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా పని చేసుకునే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చని 2019 చట్టం సెక్షన్ 34 చెప్తోంది. మీకది కడప. 2019కి ముందున్న పాత చట్టంలో ఈ సౌకర్యం లేదు, అందుకే అమ్మకందారులకు ఆ పాత డైలాగు ఇంకా నోట్లో ఆడుతోంది. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా లేదు. తగాదాకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల గడువుంది. అలాగని ఊరుకుంటే వెబ్ పేజీలో మాటలు మారిపోతాయి.

చేపలు అమ్ముతారన్న వాదన గురించి. లాభం కోసం వ్యాపారానికి కొన్నవాళ్లు వినియోగదారులు కారన్నది నిజం. కానీ సొంతంగా పనిచేసుకుని బతుకుతెరువు కోసం వాడుకునేది వ్యాపార ప్రయోజనం కాదని చట్టంలో ‘వినియోగదారుడు’ అన్న మాటకిచ్చిన నిర్వచనంలోనే వివరణ ఉంది. సెలవు రోజున పట్టిన చేపల్లో నాలుగు పక్కింటివాళ్లకు అమ్మితే మీరు చేపల కంపెనీ అయిపోరు. ఫిర్యాదులో దీన్ని దాచకండి. చాట్ వాళ్ల దగ్గర ఎలాగూ ఉంది.

మీరు అడగని సంగతి ఒకటి ఉంది. మైలవరంలో చేపలు పట్టడానికి అనుమతి ఉందా? రిజర్వాయర్లలో వేటకు మత్స్యశాఖ లైసెన్సులు ఇస్తుంది, ఊరి చెరువులైతే చాలాచోట్ల మత్స్యకార సహకార సంఘాలకు లీజులో ఉంటాయి. మిమ్మల్ని ఒడ్డుకు చేర్చిన జాలర్లు అలాంటి సంఘంవాళ్లే అయితే, సాక్షి సంతకం అడగడానికి వెళ్లినప్పుడు ‘నీకు లైసెన్సు ఏదప్పా?’ అంటారు. మీ దగ్గర లైసెన్సు లేకపోయినా తెడ్డు నకిలీదన్న విషయం మారదు, ధర వాపసు అడిగే హక్కూ పోదు. కానీ నీళ్లలో కొట్టుకుపోయినందుకు పరిహారం ఇమ్మంటే మాత్రం ఎదుటిపక్షం పట్టుకునేది ఆ తీగనే. లైసెన్సు లేకపోతే ఆ ఘటనను జాయింట్ వదులైందని చెప్పడానికి ఒక్క వాక్యంలో రాసి ఊరుకోండి. ముందుగా మత్స్యశాఖ ఆఫీసుకెళ్లి సంగతి చక్కబెట్టుకోండి. అన్నట్టు, ఉత్తరంలో లైఫ్ జాకెట్ మాట ఎక్కడా లేదు. వేసుకోకుండా వెళ్లి ఉంటే ముందు అది కొనండి, తెడ్డు తర్వాత.

లక్ష రూపాయల పరిహారం నేను అడగను. 11,800, కొరియర్ ఖర్చు, మానసిక వేదనకు ఒక 15 వేలు, కేసు ఖర్చులు, అంతే. మరీ ఎక్కువ అడిగితే బేరానికొచ్చిన మనిషిలా కనిపిస్తామని నా అనుభవం.

ఇక చేయాల్సింది. ఆ తెడ్డును ఇంకెక్కడా గీరకండి, జాయింట్ బిగించే ప్రయత్నం చేయకండి. లోపం చూపుకు తేలకపోతే సరుకును సీల్ చేసి ల్యాబ్‌కు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. మీరు చాకుతో గీరారని వాళ్లు అనే అవకాశం ఇవ్వకూడదు. పేజీని, పట్టికను, చాట్‌ను స్క్రీన్‌షాట్లు తీసి, ఆ ఫోన్‌ను అలాగే ఉంచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేస్తే తర్వాత తలనొప్పి ఉండదు.

తర్వాత అమ్మకందారుకు, మీరు కొన్న ఆన్‌లైన్ వేదిక (వెబ్‌సైట్) ఫిర్యాదుల అధికారికి ఒకే నోటీసు పంపండి. ఈమెయిల్‌లోనూ, రిజిస్టర్డ్ పోస్టులోనూ. ‘కార్బన్ షాఫ్ట్ అని ప్రకటించి లోహపు షాఫ్ట్ పంపారు, ఫొటోలు జతచేశాను, 15 రోజుల్లో ధర వాపసు ఇచ్చి సరుకు మీ ఖర్చుతో తీసుకెళ్లండి’ అని మూడు ముక్కలు చాలు. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈలోగా 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. చిన్న మొత్తాలు చాలాసార్లు అక్కడే తేలిపోతాయి.

అక్కడా తేలకపోతే వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు దాఖలు చేయండి. అమ్మకందారును, వేదికను ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి. ‘మేం మధ్యవర్తులమే’ అని వేదిక చెప్తుంది, చెప్పనివ్వండి. ఎవరి బాధ్యత ఎంతో కమిషన్ తేలుస్తుంది. నోటీసు అందాక వాళ్లు 30 రోజుల్లో జవాబు వేయాలి, కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వవచ్చు, ఆపైన ఒక్క రోజు కూడా కుదరదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లోనే తేల్చింది. చట్టం మూడు నెలల్లో ముగించాలంటుంది. ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు. వాస్తవంలో ఇంకొంత పడుతుందని మనసులో పెట్టుకోండి. లాయర్ తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు.

ఒక్కటి అడగడం మరిచాను. తెడ్డు వచ్చిన అట్టపెట్టె ఉందా? దాని లేబుల్ మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. ‘అల్యూమినియం’ అన్న మాట అక్కడే ఏ మూలనో అచ్చయి ఉన్నా ఆశ్చర్యపోను. అటక మీద ఉంటే ఈ రోజే దించి, నాలుగు వైపులా ఫొటోలు తీయండి.