హార్వర్డ్ పక్కనున్న బ్రాటిల్ థియేటర్ కథ

కాలేజీ దగ్గరి పాత థియేటర్లలో మీకు బాగా తెలిసినదాని చరిత్ర చెప్పమని అడిగారు. బోస్టన్‌లో ఎం.ఎస్. చేసే రోజుల్లో నాకు అలవాటైన బ్రాటిల్ గురించి చెబుతాను. బోస్టన్ పక్కనే ఉన్న కేంబ్రిడ్జ్‌లో, హార్వర్డ్ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే వచ్చేస్తుంది. ఒకటే తెర, దాదాపు 230 సీట్లు, చిన్న బాల్కనీ.

1890లో ఊరివాళ్ళ సభల కోసం, నాటకాల కోసం కట్టిన హాలు అది. 1942లో నల్లజాతి నటుడు, గాయకుడు పాల్ రోబ్సన్ షేక్‌స్పియర్ నాటకంలో ఒథెల్లోగా నిలబడింది ఆ స్టేజీ మీదే. మరుసటి ఏడాది ఆ నాటకం న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వేకి వెళ్ళింది. ఒక నల్లజాతి నటుడికి ఆ పాత్ర ఇవ్వడమే అమెరికాలో అప్పట్లో పెద్ద సాహసం.

హార్వర్డ్‌లో చదివిన సైరస్ హార్వీ, నటుడు బ్రయంట్ హాలిడే కలిసి 1953లో దాన్ని సినిమా హాలుగా మార్చారు. పారిస్‌లో ఉన్నప్పుడు హార్వీకి సినిమా పిచ్చి పట్టుకుంది. యూరప్ సినిమాలు తెచ్చి వేశారు, 1956లో జానస్ ఫిల్మ్స్ అనే పంపిణీ సంస్థే పెట్టారు. స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ సినిమాలు అమెరికా కుర్రాళ్ళకు చేరడంలో దాని పాత్ర చాలా ఉంది. ఇంత చిన్న హాలు నుంచి అంత పని జరిగిందంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది, అది నా ఊరు కాకపోయినా.

అసలు పేరు తెచ్చింది మాత్రం 'క్యాసాబ్లాంకా'. ఆ పాత హాలీవుడ్ ప్రేమకథలో హీరో హంఫ్రీ బోగార్ట్ 1957 జనవరిలో పోయాడు. ఆ ఏడాదే బ్రాటిల్‌లో ఈ సినిమా వేస్తే విద్యార్థులు ఎగబడ్డారు. తర్వాత పరీక్షల సమయంలో బోగార్ట్ సినిమాలు వేయడం ఆనవాయితీ అయింది. టెన్షన్ తీర్చుకోవడానికి వచ్చి, తెర మీద నటులతో పాటు డైలాగులు అప్పజెప్పేవారు. ఫ్యాన్స్ షోలు చూసి పెరిగిన మనకు ఆ సందడి వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు వాలెంటైన్స్ డేకి అదే సినిమా వేస్తారు. ఫిబ్రవరి మంచులో లైన్లో నిలబడి నేనూ చూశాను. నా పక్క సీటు పెద్దాయన ప్రతి మాటా పెదవులు కదుపుతూ చెప్పాడు.

ఎలా నిలబడింది అంటారా? నాకు అర్థమైనంతలో, కాలేజీ ఊళ్ళో నాలుగేళ్ళకోసారి ప్రేక్షకులు మారిపోతారు. పాత సినిమా కూడా కొత్త బ్యాచ్‌కి కొత్తదే. కానీ అదొక్కటే చాలదు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న హార్వర్డ్ స్క్వేర్ థియేటర్ 2012లో మూతపడింది. బ్రాటిల్‌ని 2001 నుంచి లాభాపేక్ష లేని ఒక ఫౌండేషన్ నడుపుతోంది. టికెట్లకు తోడు సభ్యత్వాలు, విరాళాలు ఆదుకుంటున్నాయి.

ఇంకొక వింత, అక్కడ ప్రొజెక్టర్ తెర వెనక ఉంటుంది. మన తలల మీదుగా పోయే వెలుగు చార కనపడదు. మీరు వెళ్తే, షెడ్యూల్లో 35 ఎం.ఎం. ప్రింట్ (డిజిటల్ కాదు, పాతకాలపు ఫిల్ము రీలు) అని రాసిన రోజు చూసుకుని వెళ్ళండి.