వెల్‌నెస్ సైట్‌లో నింపిన ఫారం ఎక్కడెక్కడికి పోతుందంటే

మసాజ్ బుక్ చేద్దామని సైట్‌లోకి వెళ్తే పుట్టిన తేదీ, వాడే మందులు, గర్భం, డిప్రెషన్ ఏమైనా ఉందా అని పెద్ద ఫారం వచ్చింది, ఇవన్నీ వాళ్లేం చేసుకుంటారు, నింపొచ్చా అని అడిగారు. ఇలాంటి ఒక సెంటర్ వెబ్‌సైట్‌ని నేను మూడేళ్లు చూసుకున్నాను (కట్టింది వేరేవాళ్లు, నాకు అప్పగించారు), కాబట్టి కౌంటర్‌కి అవతలి వైపు నుంచి చూసింది చెబుతాను.

ఆ సెంటర్ నడిపే ఆవిడ మంచి మనిషి. ఎవరి వివరాలో అమ్ముకోవాలనే ఆలోచన ఆమెకు కలలో కూడా లేదు. ప్రైవసీ పాలసీలో "మీ సమాచారాన్ని ఎవరికీ అమ్మం" అని ఉండేది, అది అబద్ధం కూడా కాదు. అయినా అమ్మకుండానే వివరాలు బయటికి పోతున్నాయి, ఆ సంగతి ఆమెకూ తెలియదు, మొదట్లో నాకూ తెలియదు.

సబ్మిట్ నొక్కగానే ఏమయ్యేదంటే, ఒక కాపీ సైట్ డేటాబేస్‌లో పడేది. ఇంకోటి రిసెప్షన్ మెయిల్‌కి వెళ్లేది, ఆ మెయిల్ పాస్‌వర్డ్ నలుగురికి తెలుసు, వాళ్లలో ఒకరు ఉద్యోగం మానేసి అప్పటికే ఏడాది దాటింది. బుకింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే కంపెనీ సర్వర్‌లో మరో కాపీ. పేరూ మెయిల్ ఐడీ న్యూస్‌లెటర్ లిస్టులోకి. ఇవి చాలనట్టు రోజూ రాత్రి మొత్తానికి ఒక బ్యాకప్. ఒకసారి ఒకావిడ "నా వివరాలు తీసేయండి" అని మెయిల్ పెడితే పది నిమిషాల పనే కదా అనుకుని కూర్చున్నాను, రెండు రోజులు పట్టింది, ఒక చోట తీసేస్తే ఇంకో చోట కనబడేది. అసలు ఆమె సెంటర్‌కి ఒక్కసారి కూడా రాలేదు. ఫారం నింపి, ఎందుకో మానుకుంది. కానీ ఆమె వాడే థైరాయిడ్ మాత్రల డోసుతో సహా మా దగ్గర భద్రంగా ఉంది!

దీనికన్నా ఇబ్బందైనది తర్వాత బయటపడింది. ఏ యాడ్ చూసి ఎంతమంది వస్తున్నారో లెక్క తెలియాలని ముందున్న డెవలపర్ సైట్ అంతటా ఫేస్‌బుక్ పిక్సెల్ పెట్టి వదిలేశాడు. పిక్సెల్ అంటే చిన్న కోడ్ ముక్క, మీరు పేజీ తెరవగానే ఏ పేజీ తెరిచారో మీ బ్రౌజర్ నుంచే నేరుగా వాళ్ల సర్వర్‌కి చెప్పేస్తుంది. బట్టల షాపు సైట్ అయితే ఏ చొక్కా చూశారో తెలుస్తుంది, పోనీలే అనుకోవచ్చు. మా సైట్‌లో పేజీ అడ్రస్‌లోనే 'ప్రసవం తర్వాత డిప్రెషన్' అని రాసి ఉంది. అంటే ఫారం నింపక్కర్లేదు, తెరిస్తే చాలు. పైగా ఫారంలో కొట్టిన మెయిల్ ఐడీని హ్యాష్ చేసి (అంటే చూసి పోల్చుకోలేని అక్షరాల వరుసగా మార్చి) పంపే సెట్టింగ్ ఒకటి ఆన్‌లో ఉంది. హ్యాష్ చేస్తే ఎవరిదో తెలియదుగా అంటారు. ఒకే మెయిల్‌కి ఎప్పుడూ ఒకే హ్యాష్ వస్తుంది, అదే మెయిల్‌తో అవతల ఖాతా ఉంటే రెండూ జతపడడానికి ఎంతసేపు?

ఇది చిన్న సెంటర్ల తెలియనితనం అనుకుంటే పొరపాటు. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఇచ్చే బెటర్‌హెల్ప్ మీద వినియోగదారుల తరఫున కంపెనీలపై నిఘా ఉంచే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో చర్య తీసుకుంది. గోప్యంగా ఉంచుతామని చెప్పి, మెయిల్ ఐడీలు, ఐపీ అడ్రస్‌లు, ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు యాడ్స్ కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి కంపెనీలకు ఇచ్చారన్నది ఆరోపణ. తప్పు ఒప్పుకోలేదు గానీ 78 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నారు. అదే ఏడాది మందుల డిస్కౌంట్ కూపన్ల కంపెనీ గుడ్‌ఆర్‌ఎక్స్‌కి ఇలాంటి వ్యవహారంలోనే 15 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఇంకో సంగతి, డాక్టర్‌కి చెప్పిన మాటకున్న రక్షణే వీటికీ ఉంటుందని చాలామంది అనుకుంటారు. అమెరికాలో రోగుల వివరాలు గోప్యంగా ఉంచాలనే 1996 నాటి హిపా చట్టం ఆసుపత్రులు, డాక్టర్లు, హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీల లాంటివాళ్లకే, స్పాలు, మెడిటేషన్ యాప్‌లు మామూలుగా దాని కిందకి రావు. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ కాస్త గట్టిది, ఆరోగ్య సమాచారాన్ని విడిగా, ఎక్కువ జాగ్రత్తగా చూడాలంటుంది.

డబ్బు కట్టడానికి ఇచ్చే కార్డు నంబర్ ఏమవుతుందో అని కూడా టెన్షన్ పడ్డారు. నన్నడిగితే అదే కాస్త నయం. కార్డు నంబర్ మామూలుగా పేమెంట్ గేట్‌వేకే (సైట్ తరఫున డబ్బు తీసుకునే వేరే కంపెనీకి) వెళ్తుంది, మాకు చివరి నాలుగు అంకెలే కనబడేవి.

మరి నింపాలా వద్దా? గర్భం, బీపీ, ఈమధ్య జరిగిన సర్జరీ, రక్తం పలచబడే మందులు, ఇవి మసాజ్ చేసే మనిషికి తెలిసి తీరాలి, దాస్తే నష్టం మీకే. కానీ అవి ఆ మనిషికి, ఆ రోజు, నోటితో చెబితే సరిపోతుంది. బుకింగ్‌కి పేరు, ఫోన్, టైమ్ చాలు. స్టార్ గుర్తు లేని కాలమ్‌లు ఖాళీగా వదిలేయండి, స్టార్ ఉన్నచోట "వచ్చినప్పుడు నేరుగా చెబుతాను" అని రాయండి. మా దగ్గర అలా రాసినవాళ్లను ఎవరూ ఒక్క మాట అనలేదు, ఆ మాటకొస్తే మా థెరపిస్ట్ ఫారం చదవకుండానే అన్నీ మళ్లీ మొదటినుంచి అడిగేది. కుకీల బాక్స్ వస్తే రిజెక్ట్ నొక్కండి, అయితే దాన్నే నమ్ముకోవద్దు, మీరు నొక్కేలోపే పిక్సెల్ పని కానిచ్చేసే సైట్లు ఉన్నాయి, మాదీ కొన్నాళ్లు అలాగే ఉండేది. ట్రాకర్లను ఆపే బ్రౌజర్ వాడితే మేలు. ఇన్‌కాగ్నిటో వల్ల దీనికి పెద్దగా ఉపయోగం లేదు, ఫారంలో మీరు రాసింది రాసినట్టే వెళ్తుంది.

పాలసీ మొత్తం చదవక్కర్లేదు. ఎన్నాళ్లు ఉంచుకుంటారు, తీసేయమనాలంటే ఎవరికి రాయాలి, ఈ రెండూ వెతకండి. ఎన్నాళ్లన్నది లేకపోతే ఎప్పటికీ ఉంచుకుంటారనే అనుకోండి, మాకు ఆ లైన్ లేదు, మేము అలాగే ఉంచాం.

ఇప్పటికే నింపేసి ఉంటే తీసేయమని ఒక మెయిల్ పెట్టండి. అందులో "బుకింగ్ సాఫ్ట్‌వేర్‌లోదీ, రిసెప్షన్ మెయిల్ ఇన్‌బాక్స్‌లోదీ కూడా" అని విడిగా రాయండి, నేను ఆఖరికి వెతికి పట్టుకున్న కాపీ ఆ ఇన్‌బాక్స్‌లోనే దొరికింది.