చెన్నై నుంచి పడవలో వెళ్లే మేనల్లుడికి

తిరుపతి

చి. అల్లుడికి ఆశీస్సులు.

మార్చిలో నీ స్నేహితుడి తెరచాప పడవలో చెన్నై హార్బర్ నుంచి మహాబలిపురం పోయి సాయంత్రానికి వచ్చేస్తామన్నావని అక్క చెప్పింది. తప్పకుండా వెళ్లు. కానీ మహాబలిపురం దాకా వద్దురా, దారిలో వచ్చే కోవళం దగ్గరే వెనక్కి తిరగండి.

లెక్క చూడు. సముద్రం మీద మహాబలిపురం దాదాపు 28 నాటికల్ మైళ్లు, అంటే 52 కిలోమీటర్లు. మీ పడవ గంటకు 5 మైళ్లు పోతుందనుకో. ఆ నెలల్లో మన తూర్పు తీరంలో ప్రవాహం ఉత్తరానికి పారుతుంది. అది ఒక మైలు వెనక్కి లాగినా మీకు మిగిలేది 4. పొద్దున 6కి బయల్దేరితే చేరేసరికే ఒంటిగంట. వచ్చేటప్పుడు ప్రవాహమూ, మధ్యాహ్నం లేచే ఆగ్నేయపు గాలీ సాయం చేసినా, హార్బర్‌కి వచ్చేసరికి పొద్దు గుంకుతుంది. కాస్త ఆలస్యమైతే చీకట్లో పెద్ద ఓడల మధ్య చిక్కుకుంటారు. కోవళం 18 మైళ్ల లోపే. పదిన్నర కొట్టగానే ఎక్కడున్నా సరే తిరగాలని ముందే మాట అనుకోండి.

ఒడ్డు కనిపిస్తోంది కదా అని ధైర్యం వద్దు. బండి చెడిపోతే రోడ్డు పక్కన ఆపినట్టు పడవను ఒడ్డుకి తిప్పకూడదు. అక్కడ అలలు విరిగి పడవను ఇసుకకేసి కొడతాయి. రెండు మూడు మైళ్ల దూరంలోనే పోండి, పడవ చెడితే అక్కడే ఆగేందుకు లంగరు తాడు చిక్కుల్లేకుండా సిద్ధంగా ఉండాలి.

ఇంకొకటి, వలలు. నీళ్ల మీద థర్మాకోల్ ముక్కో, వెదురు కర్రకి కట్టిన నల్లగుడ్డో కనిపిస్తే దాని జోడీ ఎక్కడుందో వెతుకు. ఆ రెండింటి మధ్య వల ఉంటుంది, చుట్టూ తిరిగి పోవాలి. పడవ ఇంజిన్ శబ్దం బరువెక్కితే వల దాని ఫ్యాన్‌కి చుట్టుకుందేమో, వెంటనే న్యూట్రల్‌లో పెట్టమను. ఆ వల జాలరి బతుకుతెరువు, తొందరపడి కోయొద్దు.

ముందురోజు రాత్రి ఎర్రకారం దోసె జోలికి పోవద్దు, పెరుగన్నం తిను. వాంతుల మాత్ర డాక్టర్‌ని అడిగి ఎక్కేముందే వేసుకో. తల తిరిగితే లోపల పడుకోకుండా పైన కూర్చుని దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే చోటు చూడు. లైఫ్ జాకెట్ హార్బర్‌లోనే తొడుక్కో.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చెప్పే గాలి, అలల అంచనా రాత్రే చూడండి. పడవ రేడియోని, ఆపదలో పిలిచే ఛానల్ 16లో పెట్టి ఉంచండి. తిరిగొచ్చే టైం అక్కకి రాసిచ్చి పో. ఆ టైం దాటి, మీ ఫోన్లు కలవకపోతే కోస్ట్‌గార్డ్ 1554కి చేయమని నేను చెప్పాను.

మీ మామ